బిల్లు మీద ఎవరి పేరుంది?

పోయిన ఆదివారం ఉప్మాలోకి ఉల్లిపాయలు తరుగుతుంటే మావారు ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వచ్చారు. ముఖం వెలిగిపోతోంది. "ఇది చదువు ముందు. ఉప్మా తర్వాత" అన్నారు.

వాళ్ళ కాలేజీ స్నేహితుల గ్రూపులో వచ్చిన మెసేజీ అది. అమెరికాలో ఒకావిడ ఇంట్లో పాడైపోయిన కారుని తుక్కుకి ఇచ్చేద్దామని పోరు పెట్టిందట. భర్త వినలేదట. ఇరవై ఏడేళ్ళు షెడ్డులో దాచి, రిటైరయ్యాక బాగుచేస్తే అదిప్పుడు లక్షల డాలర్లు పలుకుతోందట. చివర్లో దండాలు పెట్టే బొమ్మలు రెండు, "అప్పుడప్పుడు భార్య మాట వినకపోవడమే లాభం" అని ఒక ముక్తాయింపు.

ఇది నాకెందుకు చూపిస్తున్నారో వెంటనే తెలిసిపోయింది. మా ఇంటి మెట్ల కింద మా మామయ్యగారి కాలం నాటి స్కూటరు ఒకటి ఉంది. దాని మీద పాత దుప్పటి, దుప్పటి మీద దుమ్ము, దుమ్ము మీద పిల్లి. "వచ్చేవారం మెకానిక్కుకి చూపిస్తా" అన్నది మా అబ్బాయి ఆరో తరగతిలో ఉండగా. వాడిప్పుడు ఇంజనీరింగ్ రెండో ఏడు. బియ్యం బస్తా పెట్టుకోవడానికి, చీపుళ్ళు పెట్టుకోవడానికి నాకున్న ఒక్క చోటు అదే. అందుకని ఏడాదికి రెండుసార్లు, సంక్రాంతికీ దసరాకీ, పాత సామాన్ల బండివాడిని పిలుస్తానని బెదిరిస్తూ ఉంటాను.

ఆయన నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. నాకు మాత్రం ఆ మెసేజీలో ఏదో తేడాగా అనిపించింది. కథంతా భర్తదే. ఆవిడ చేసిందల్లా సణగడం. మధ్యాహ్నం అందరూ పడుకున్నాక కూర్చుని ఆ కారు సంగతేమిటో నేనే వెతుక్కుని చదివాను. నాది తెలుగు బీఏ. ఇంగ్లీషు నెమ్మదిగా చదువుతాను, కానీ చదువుతాను. చదివాక ఆ మెసేజీ రాసినవాళ్ళ మీద కోపం వచ్చింది. ఎందుకో చెప్తాను, వినండి.

ఆ కారు ఫోర్డు వాళ్ళ మస్టాంగ్. మస్టాంగ్ అంటే అమెరికా బయళ్ళలో ఎవరికీ లొంగకుండా తిరిగే గుర్రం. కారు ముందు భాగంలో పరిగెత్తే గుర్రం బొమ్మే ఉంటుంది. ఆ కారు 1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ వరల్డ్స్ ఫెయిర్‌లో లోకానికి చూపించారు. ఆ ఒక్కరోజే ఇరవై రెండు వేల ఆర్డర్లు వచ్చాయని చెబుతారు. మన కథ మాత్రం దానికి రెండు రోజుల ముందే మొదలైంది.

ఏప్రిల్ 15న షికాగోలో గెయిల్ బ్రౌన్ అనే ఇరవై రెండేళ్ళ అమ్మాయి కారు కొనుక్కుందామని షోరూముకి వెళ్ళింది. టీచరు ఉద్యోగం వచ్చింది, మూడో తరగతి పిల్లలకి పాఠాలు చెప్పాలి. బడి ఊరి శివార్లలో ఉంది, వెళ్ళాలంటే కారు ఉండాలి. వాళ్ళింట్లో మొదటినుంచీ ఫోర్డు కార్లే, కనక ఫోర్డు షోరూముకే వెళ్ళింది. పైకప్పు తీసేసుకునే రకం కారు కావాలంది. బయట పెట్టినవాటిలో అలాంటిది లేదు. సేల్స్‌మన్ ఆమెని వెనక గదిలోకి తీసుకెళ్ళి ఒక పట్టా తొలగించి చూపించాడు. దాని కింద లేత ఆకాశనీలం మస్టాంగ్. ఇంకా విడుదల కాని కారు, బయటికి తీసి నడిపి చూసుకోవడానికి లేదు. అయినా ఇదే తీసుకుంటానంది ఆ అమ్మాయి.

ఖరీదు 3,447 డాలర్ల 50 సెంట్లు. అప్పట్లో డాలరుకి మన రూపాయలు 4.76. అంటే పదహారు వేల పైచిలుకు. ఆ అమ్మాయి జీతం ఏడాదికి దాదాపు 5,000 డాలర్లు. ఏడాది సంపాదనలో మూడింట రెండు వంతుల పైన ఒక్క మధ్యాహ్నం ఖర్చుపెట్టేసిందన్నమాట. చేతిలో అంత లేదు. అమ్మానాన్నల దగ్గర అప్పు తీసుకుంది.

ఈ అప్పు దగ్గర కాస్త ఆగాలి. అమెరికా కదా, ఆడపిల్ల బ్యాంకుకి వెళ్ళి సంతకం పెడితే డబ్బిచ్చేస్తారనుకుంటాం. ఆ రోజుల్లో అక్కడ కూడా చాలా బ్యాంకులు ఆడవాళ్ళకి అప్పివ్వాలంటే మొగుడి సంతకమో, తండ్రి సంతకమో అడిగేవి. ఆడామగా తేడా చూపించి, పెళ్ళయిందా లేదా అని చూసి అప్పు కాదనకూడదని అక్కడ చట్టం వచ్చింది 1974లో. ఈ కారు కొన్న పదేళ్ళకి. అలాంటి కాలంలో ఇరవై రెండేళ్ళ పిల్ల తన పేరు మీద, తన జీతంలోంచి తీర్చుకునే అప్పుతో, తనకి నచ్చిన రంగు కారు కొనుక్కుంది. షోరూములోంచి బయటికి తీసుకొస్తే దారిపొడుగునా జనం చేతులూపారట. అలాంటి కారు రోడ్డు మీద అంతవరకూ ఎవరూ చూడలేదు మరి. బడికి తీసుకెళ్తే పెద్ద తరగతుల మగపిల్లలు చుట్టూ మూగారట.

నేను డిగ్రీ చదువుతున్నప్పుడు మా వీధి పిల్లలకి ట్యూషన్లు చెప్పి, రెండేళ్ళు కూడబెట్టి ఒక కుట్టుమిషను కొనుక్కున్నాను. నాన్న తోడొచ్చారు గానీ డబ్బు నేనే లెక్కపెట్టి ఇచ్చాను. కొట్టాయన బిల్లు రాస్తూ "పేరేంటమ్మా?" అని అడిగితే, నాన్న నోరు తెరిచేలోపే నా పేరు ఇంటిపేరుతో సహా చెప్పాను. ఆ రోజు రిక్షాలో మిషను మీద చెయ్యి వేసుకుని ఇంటికొచ్చిన సంగతి తలుచుకుంటే, గెయిల్ కారు నడుపుకుంటూ వెళ్ళినప్పటి ముఖం నాకు కనిపిస్తుంది. మిషనుకీ కారుకీ పోలికేమిటని మీలో ఎవరూ అడగరని నాకు తెలుసు.

తర్వాత ఆ అమ్మాయికి టామ్ వైజ్‌తో పెళ్ళయింది. గెయిల్ బ్రౌన్ గెయిల్ వైజ్ అయింది. కారు కూడా పుట్టింటి నుంచి వచ్చిన వస్తువులాగే వచ్చింది. నలుగురు పిల్లలు పుట్టారు. అందరికీ అదే కారు. కొన్నది మొదలు దాదాపు పదిహేనేళ్ళు నడిచింది. బడులకీ, సరుకులకీ, ఎండలకీ, మంచుకీ అదే.

షికాగో మంచు సంగతి అక్కడున్న మన పిల్లల్ని అడగండి. చలికాలంలో రోడ్డు మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్ళు కారు కిందికి చిమ్మి ఇనుమంతా తినేస్తాయి. అందుకే అక్కడివాళ్ళు కారు పైనే కాదు, కింద కూడా కడిగిస్తారు. మన ఊరగాయ జాడీకి ఇనపమూత పెడితే ఏమవుతుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. గెయిల్ కారుకీ అదే అయింది. రేకులు తుప్పు పట్టాయి. ఇది చాలనట్టు ఎవరో బ్యాటరీ ఎత్తుకుపోయారు. 1979లో టామ్ దాన్ని ఇంటి షెడ్డులోకి నెట్టి, వచ్చేవారం చూస్తానన్నాడు.

ఆ వచ్చేవారం ఇరవై ఏడేళ్ళు పట్టింది.

గెయిల్ దాన్ని తుక్కుకి పంపించేయమన్న మాట నిజమే. నేనైనా అదే అంటాను. నలుగురు పిల్లలున్న ఇంట్లో ఒక కారు పట్టే చోటు అంటే మాటలా! అందులో సైకిళ్ళు పెట్టుకోవచ్చు, చలికాలంలో నడిచే కారు పెట్టుకోవచ్చు. కదలని ఇనుము చుట్టూ తిరిగి పని చేసుకోవలసింది ఇంటి ఆడవాళ్ళే. టామ్ ఏమో రిటైరయ్యాక ఇదే నా పని అనేవాడట. ఆ మాట అనగానే ఆ మెసేజీలో ఆయన దూరదృష్టి గల మనిషి అయిపోయాడు, ఆవిడ ఏమీ తెలియని మనిషి అయిపోయింది. మస్టాంగ్ పాతబడ్డాక ఇంత విలువ చేస్తుందని 1979లో ఆయనకి మాత్రం తెలుసా? పని వాయిదా వేశాడు. వాయిదా కలిసొచ్చింది. మనమిలా వాయిదా వేస్తే దాన్ని బద్ధకం అంటారు, అది వేరే సంగతి.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. ఆయన అన్నమాట నిలబెట్టుకున్నాడు. ఉద్యోగం మానేశాక నిజంగానే ఆ షెడ్డు తలుపు తీశాడు. ముప్ఫై అయిదు వేల డాలర్ల వరకూ ఖర్చయిందట, కొన్నప్పటి ధరకి పదింతలు. ఇలాంటి పనికి ఇప్పుడు పునరుద్ధరణ అనే మాట వాడుతున్నారు. నాకెందుకో గుళ్ళకి వాడే జీర్ణోద్ధరణ అన్న మాటే దీనికి సరిపోతుందనిపించింది. జీర్ణమైపోయినదాన్ని పైకెత్తడం.

అది ఎంత పనో చదివితే గానీ తెలియలేదు నాకు. ఆ కాలపు మస్టాంగ్‌కి కింద విడిగా చట్రం ఉండదట. పెంకుటిల్లు గోడల మీద నిలబడ్డట్టు, నేల రేకూ పక్క రేకులూ కలిసి బండి బరువంతా మోస్తాయి. అందుకని కింద రేకు తుప్పు పడితే అది అందానికి సంబంధించిన లోపం కాదు, ఇల్లు కుంగినట్టే. పైకప్పు లేని కారుకి పైనుంచి పట్టుండదు కాబట్టి తలుపుల కింద అదనంగా గట్టి రేకు వేసేవారు. పాడైన రేకు కోసి కొత్తది అతికేటప్పుడు కొలత తప్పితే తర్వాత తలుపులు పడవు. ఇంకో చిక్కు కూడా ఉంది. మస్టాంగ్‌లలో మొదటి అయిదారు నెలల్లో తయారైనవాటికీ తర్వాతవాటికీ చిన్న చిన్న తేడాలున్నాయి. మొదటివాటికి బ్యాటరీ ఛార్జి చేయడానికి పాతకాలపు డైనమో ఉండేది, తర్వాత ఆల్టర్నేటర్ వచ్చింది. గెయిల్ కారులో ఉన్న 260 వి-ఎయిట్ ఇంజన్ కూడా ఆ మొదటి నెలల్లోనే పెట్టారు. కంపెనీ లెక్కలో ఇవన్నీ 1965 మోడళ్ళే. జనమే వీటిని అరవై నాలుగున్నర అని పిలుచుకుంటారు. సరిగ్గా బాగుచేయడమంటే కొత్తదీ మేలైనదీ పెట్టడం కాదు, అప్పుడేముందో అదే పెట్టడం. మొదటి ఏడాదే నాలుగు లక్షల పైన అమ్ముడైన కారు కావడం అదృష్టం, విడిభాగాలు ఇప్పటికీ ఎవరో ఒకరు తయారు చేస్తూనే ఉన్నారు. పదిమందీ కొన్న వస్తువుకి ఉండే లాభం ఇది.

అంతా చదివాక, బాగుచేసిన కారు ఫొటో చూశాను. మెరిసిపోతోంది. 1964లో పట్టా కింద ఉన్నట్టే ఉంది. అందంగానే ఉంది గానీ నాకు చిన్న వెలితి. ఆ పదిహేనేళ్ళ సంసారం జాడ అందులో ఎక్కడా లేదు. నలుగురు పిల్లలు ఎక్కి దిగిన సీటుకి ఏదో ఒక గీత, ఒలికిన ఏదో ఒక మరక ఉండే ఉంటుంది కదా. గుడి ఉద్ధరించేటప్పుడు పాత రాయి ఒకటి గోడలో అలాగే ఉంచుతారు కొన్నిచోట్ల. నన్నడిగితే ఈ కారులో కూడా లోపల ఎక్కడో ఒక పాత రేకుముక్క ఉంచేయమనేదాన్ని. మావారితో ఈ మాటంటే, "ఒక పాత రేకుముక్కేం ఖర్మ, మన స్కూటరు మొత్తం అలాగే ఉంచాను కదా" అన్నారు.

ఇక అసలు విషయానికొస్తాను. బాగుచేయడం నడుస్తున్న రోజుల్లో టామ్ ఇంటర్నెట్‌లో ఒక సంగతి చూశాడు. ఎవరో ఒకాయన మొట్టమొదటి మస్టాంగ్ కొన్నది నేనే, 1964 ఏప్రిల్ 16న, అని చెప్పుకుంటున్నాడు. గెయిల్ కొన్నది 15న. నోటిమాటగా చెబితే ఎవరు నమ్ముతారు? కానీ వీళ్ళింట్లో బిల్లు ఉంది. తేదీతో సహా. ఆ ఒక్క కాగితంతో, అమెరికాలో షోరూము నుంచి అమ్ముడుపోయిన తొలి మస్టాంగ్ కొన్న మనిషిగా గెయిల్ పేరు నిలబడింది. 2014లో ఆ కారు మోడల్‌కి యాభై ఏళ్ళు నిండినప్పుడు పత్రికలన్నీ ఆవిడ కథే రాశాయి.

ఇప్పుడు చెప్పండి. ఆ కారుకి అంత విలువ రావడానికి కారణం ఇరవై ఏడేళ్ళ షెడ్డా? అదే ఏడాది లక్షల మంది కొన్న కారుల్లో ఒకటైతే, ఎంత బాగుచేసినా అది ఒక మంచి పాత కారు మాత్రమే. దీన్ని వేరు చేసింది ఆ తేదీ. ఆ తేదీన వెనక గదిలోకి వెళ్ళి, నడిపి కూడా చూడకుండా, అప్పు చేసి, ఇదే కావాలి అన్నది ఆవిడ. మెసేజీలో ఆ ముక్క ఒక్కటీ లేదు. ఆవిడ కొన్నదని కూడా లేదు. "ఇంట్లో పాడైపోయిన కారు" అని ఉంది. ఆవిడ కారు ఎప్పుడు ఇంట్లో కారు అయిపోయిందో చూడండి.

దీనికి పక్కనే ఇంకో కథ ఉంది. తయారీ వరసలో ఒకటో నంబరు వేసిన మస్టాంగ్, తెల్లది, కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో స్టాన్లీ టక్కర్ అనే విమానాల పైలట్ కొనుక్కున్నాడు. గెయిల్ కంటే ఒక రోజు ముందే, ఏప్రిల్ 14న. అది అమ్మకానికి పంపిన కారు కాదు, చూపించడానికి పంపింది. పొరపాటున అమ్మేశారు. ఫోర్డు వాళ్ళు తిరిగివ్వమని అడిగారు. ఆయన వెంటనే ఇవ్వలేదు. రెండేళ్ళు హాయిగా పదివేల మైళ్ళు తిప్పుకుని, 1966లో పది లక్షలవ మస్టాంగ్ కొత్తది తీసుకుని దాన్ని ఇచ్చాడు. ఇప్పుడది డియర్‌బార్న్‌లో హెన్రీ ఫోర్డ్ మ్యూజియంలో ఉంది. ఆ కథ ఎవరు చెప్పినా ఆయన పేరుతోనే మొదలుపెడతారు. కెప్టెన్ టక్కర్ కారు అంటారు. ఆయన భార్య ఏమందో, ఆయన వినలేదో ఎవరూ రాయరు.

నా కుట్టుమిషను పెళ్ళయ్యాక నాతో అత్తవారింటికి వచ్చింది. అయిదేళ్ళకి "మన మిషను" అయింది. ఒక వేసవిలో పుట్టింటికి వెళ్ళి పది రోజులుండి వచ్చేసరికి దాని చోటు ఖాళీగా ఉంది. మా ఆడపడుచుకి అవసరమై అత్తయ్యగారు ఇచ్చి పంపించారట. "ఊరికే పడుంది కదమ్మా" అన్నారు. మా ఆడపడుచు దాని మీద జాకెట్లు కుట్టి పిల్లాడి ఫీజులు కట్టింది, అందుకు నాకు సంతోషమే. ఒక్కమాట అడిగి ఉంటే నేనే ఇచ్చేదాన్ని. అడగాలని ఎవరికీ తోచలేదు. నన్ను బాధపెట్టాలని కాదు, అది నాదని వాళ్ళు మరిచిపోయారంతే. మిషను పోయింది గానీ బిల్లు నా దగ్గరే ఉంది, పుట్టింటి ఇంటిపేరుతో.

అందుకే మీకు ఒకటే చెప్తాను. మీ డబ్బుతో మీరు కొన్న వస్తువు గిన్నె అయినా, గ్రైండరైనా, బండయినా, బిల్లు మీద మీ పేరు రాయించుకోండి. వారంటీ అయిపోయిందని ఆ కాగితం పారేయకండి. దానితో ఏం చేస్తావని ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి.

ఇదంతా రాద్దామని సోమవారం నా బిల్లు కోసం బీరువాలో పాత కాగితాల సంచీ తీశాను. అందులోనే మెట్ల కింద స్కూటరు ఆర్.సి. పుస్తకం దొరికింది. ఇల్లు మారినప్పుడు పోయిందని మావారు అనుకుంటున్నదే. తెరిచి చూస్తే యజమాని పేరు మామయ్యగారిది కాదు. అత్తయ్యగారిది.

తీసుకెళ్ళి ఆవిడకే చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని, పేరు మీద వేలు పెట్టి కూడబలుక్కుంటూ రెండుసార్లు చదివారు. గాజులు తాకట్టు పెట్టి ఇచ్చానని, అందుకే మామయ్యగారు ఆ పేరు రాయించి ఉంటారని, ఆ సంగతి తనకి ఇన్నాళ్ళూ తెలియదని అన్నారు. చాలాసేపు ఆ పుస్తకం ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నారు. తర్వాత నా వైపు చూసి, "అయితే అమ్మాయ్, సంక్రాంతికి బండివాడిని పిలిచేటప్పుడు నన్నొక మాట అడుగు" అన్నారు.

బియ్యం బస్తా ప్రస్తుతానికి హాల్లోనే ఉంది.